జైలుకు బంద్ లేదు

సకల జనుల సమ్మె నడుస్తున్న ఆ రోజుల్లో జైలుకు వెళ్లడం మా వైపు పెద్ద గౌరవమైపోయింది. రైలు పట్టాల మీద కూర్చున్నవాళ్లను పోలీసులు పొద్దున వ్యానెక్కించి ఏదో ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టేవారు. ఉప్మా పెట్టి సాయంత్రానికి వదిలేసేవారు. తిరిగొచ్చినవాళ్లకు చౌరస్తాలో దండలు, డప్పులు. మా ఆయన భూపాల్ అలా రెండుసార్లు వెళ్లొచ్చారు. ఆయన జనగామలో జూనియర్ కాలేజీ లెక్చరరు, అక్కడి జేఏసీలో మాట చెల్లే మనిషి. రెండోసారి వచ్చినప్పుడు మెడలో దండ తీయకుండానే మంచం మీద కూర్చుని, "జైలు జీవితం మనిషిని మారుస్తది శారదా" అన్నారు. ఉప్మాలో జీడిపప్పు వేశారా అని అడిగాను. వేశారట.

నిజంగా జైల్లో ఉన్నవాడు మా ఇంట్లో ఇంకొకడున్నాడు. మా మరిది మధుకర్. ఐదేళ్ల కింద కేసముద్రం మార్కెట్ యార్డులో మక్కజొన్నల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, ఇతను తాగి వచ్చి తన బండిని అందరికంటే ముందుకు దూర్చబోయాడు. "వరుసల రా పటేలా" అన్నాడు మా ఊరి పక్క తండా మనిషి మోతీ. ఒక లంబాడీ తనకు వరుస నేర్పడమేంటని మధుకర్ జాకీ రాడ్డు ఎత్తాడు. మోతీ దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. మధుకర్‌కు పదేళ్ల శిక్ష వేసి వరంగల్ జైలుకు పంపారు.

ఊళ్లో తలెత్తుకోలేనని మా అత్తమ్మ మాతోపాటు జనగామ వచ్చేసింది. అక్కడ మా సంగతి తెలిసినవాళ్లు లేరు. "చిన్న కొడుకు ఏడుంటడు?" అని ఇరుగుపొరుగు అడిగితే, "భూపాలపల్లిల, బొగ్గుబాయిల నౌకరి" అనేసింది. అబద్ధం ఆడటం ఒక్క క్షణమే, దాన్ని మేపడమే కష్టం. మా వాడకట్టులో ఇద్దరు తల్లులు తమ పిల్లలకు కూడా అక్కడ నౌకరీ ఇప్పించమని జామకాయలు తెచ్చిచ్చారు. తిన్నాం కూడా. ఇక సమ్మె మొదలై జైలుకు విలువ పెరిగాక, అత్తమ్మ బాగా ఆలోచించి ఆ అబద్ధానికి ప్రమోషన్ ఇచ్చింది. "మా చిన్నోడు తెలంగాణ కోసం జైల్ల ఉన్నడు" అని చెప్పడం మొదలుపెట్టింది. జైల్లో ఉన్నాడన్నంత వరకు నిజమే కదా అని నేను సర్దుకున్నాను. ఐదేళ్లకు ఆ అబద్ధం నిజం వైపు సగం దూరమైనా నడిచింది.

అప్పుడే మామయ్య సంవత్సరీకం వచ్చింది. దానికోసం మధుకర్‌ను కొద్ది రోజులు పెరోల్ మీద వదిలారు. మేమంతా జీపు మాట్లాడుకుని కేసముద్రం దాటాక ఉన్న మా సొంతూరికి చేరాం. సంవత్సరీకానికని జనగామ నుంచి మా ఆయన స్నేహితులు నలుగురైదుగురు కూడా వచ్చారు.

మనిషి మారాడని వచ్చిన పూటే తెలిసింది. తిన్న కంచం తనే కడుక్కున్నాడు. అది చూసి అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "ఏం జేసిండ్రే నా కొడుకును!" అంటూ. పొద్దున్నే లేచి దుప్పటి మడతపెట్టి, వాకిలి ఊడ్చి, ఎవరైనా చెప్పేదాకా గడప దగ్గర నిలబడేవాడు. కంచం కడగడం ఐదేళ్లలో నేర్పుతారంటే, మా ఆయన్ని కూడా ఉప్మా లేని చోటికి పంపే వీలుందా అని నాకు అనిపించిన మాట వాస్తవం. చిన్నాయన కొడుకులు సాయంత్రం సీసా పట్టుకొచ్చి, "ఒక్క గుక్క అన్నా, ఎవలకు తెలుస్తది?" అన్నారు. "నాకు తెలుస్తది" అని లోపలికి వెళ్లిపోయాడు. జైల్లో మనిషిని బాగుచేయడం కొంత సులువేనేమో. అక్కడ తప్పును కప్పిపెట్టడానికి అమ్మ ఉండదు, సీసా తెచ్చే తమ్ముళ్లు ఉండరు. అసలు పరీక్ష ఇంట్లోనే.

శనివారం సాయంత్రం ఆరింటికల్లా అతను జైలు గేటు ముందు నిలబడాలి. మంచి నడవడి ఉన్నవాళ్లను జనవరి ఇరవై ఆరుకు వదులుతారని, ఆ పేర్లలో తన పేరూ ఉందని అక్కడి అధికారి చెప్పాడట. ఆరు దాటితే పారిపోయినట్టే లెక్క. కొత్త కేసు పడుతుంది, విడుదల మాట మర్చిపోవాల్సిందే. శనివారం పొద్దుటి నుంచే రైల్‌రోకో ఉంది కాబట్టి, శుక్రవారం రాత్రి బండికే వెళ్తానని సంచి సర్దుకున్నాడు.

"ఆగురా" అన్నారు మా ఆయన. "ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. సకల జనుల సమ్మె అంటే సకలం. జైలోళ్లు జనం గాదా? నువ్వు పోయినా గేటుకు తాళమే ఉంటది."

జైలుకు తాళం ఎప్పుడూ ఉంటుంది కదండీ అన్నాను. ఎవరూ వినలేదు. సమ్మెలో ఊరంతా ఎంత మునిగిపోయిందంటే, ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అవునవును, సమ్మె అయ్యేదాక జైలు తెరవరు అనేశారు. అత్తమ్మ ఇదే సందని సంచి తీసి వడ్ల గుమ్మిలో దాచింది. అన్న మాట కాదనలేక మధుకర్ ఆగిపోయాడు. ఆ రాత్రి బండి కూతపెట్టి వెళ్లిపోయింది.

పొద్దున్నే మనసు ఒప్పక మధుకర్ మా ఆయన సెల్లు తీసుకుని జైలుకు ఫోన్ చేశాడు. అవతలి గొంతు నాకూ వినిపించింది. "జైలుకు బంద్ ఏందయ్యా? లోపలున్నోళ్లకు బువ్వ ఎవడు పెడ్తడు? ఆరింటికల్ల రా. రాకుంటే ఏమైతదో నీకు ఎర్కే."

మధుకర్ సెల్లు మా ఆయన చేతికిచ్చాడు. మా ఆయన గొంతు సవరించుకుని, రోడ్డు మీద టెంట్ పనులున్నాయంటూ లేచి వెళ్లారు. ఆ రోజు మా ఊరి రోడ్డు బంద్ చేయించే పని ఆయనదే. ఉద్యమకారుడికి సంవత్సరీకమైనా సెలవుండదు.

మధుకర్ ఠాణాకు పరిగెత్తాడు. జీపులన్నీ పట్టాల దగ్గరికి పోయాయట. అక్కడున్న జవాను జాలిపడ్డాడు. "పోయి పట్టాల మీద కూసుంటే మావోళ్లే వ్యానెక్కించుకుంటరు. గని అది వేరే కేసైతది తమ్మీ." ఊరూరా జనాన్ని ఊరికే వ్యాన్లెక్కిస్తున్న ఆ రోజున, నిజంగా జైలుకు పోవాల్సిన ఒక్క మనిషికి బండి దొరకలేదు. మోటారు సైకిళ్లున్నాయి, బంకులు మూసి ఉండటంతో పెట్రోలు లేదు. "నడుస్త వదినా" అని చెప్పుల పట్టీ బిగించుకున్నాడు. నడిస్తే ఏ అర్ధరాత్రికో చేరతాడు.

ఆటోలో డీజిల్ ఉన్నది పక్క తండాలో రాంచందర్ ఒక్కడికే. ఆపదకని డబ్బాలో దాచాడని అందరికీ తెలుసు. అయినా మా ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు. రాంచందర్ చెల్లెలే తుల్సీబాయి, మోతీ భార్య.

"రోడ్డు మీద వంటకు పోపు పెట్టొస్త" అని అత్తమ్మకు చెప్పి తండా దారి పట్టాను. మధుకర్ వెనకాలే వచ్చాడు. వద్దంటే, "నా పనికి నువ్వొక్కదానివే పోతవా వదినా?" అన్నాడు. తండా మొదటి ఇంటి దగ్గరికి రాగానే మాత్రం అడుగు ముందుకు పడక ఆగిపోయాడు.

తుల్సీబాయి వాకిట్లో కూర్చుని మక్క కంకులు ఒలుస్తోంది. పక్కనే రాంచందర్ ఆటో తుడుస్తున్నాడు.

"అక్కా" అన్నాను.

"ఎన్నడు లేంది ఇయ్యాల అక్కనైన్నా దొర్సానీ? అంటే ఏదో గావాలె నీకు."

"మీ అన్న ఆటో గావాలె."

"పెండ్లా, సావా? ఆ రెండింటికైతెనే డీజిల్ తీస్తడు మా అన్న."

"మా మరిది జైలుకు పోవాలె. ఆరింటిలోపల."

ఆమె చేతిలో కంకి ఆగిపోయింది. రాంచందర్ గుడ్డను అద్దం మీదే వదిలేశాడు.

"పోకుంటే ఏమైతది?" అంది తుల్సీబాయి.

ఉన్నదున్నట్టు చెప్పాను. జనవరి మాట కూడా దాచలేదు.

"అంటే ఆలిశమైతె ఇంకిన్ని దినాలు లోపల్నే ఉంటడు."

"ఉంటడు."

"మల్ల నాకు మంచిదే గద! నేనెందుకు పంపాలె?"

బీఏలో నేను తర్కశాస్త్రం చదివాను. ఆ ప్రశ్నకు జవాబు చదివిన గుర్తు లేదు. "నువ్వు పంపాలని ఏం లేదక్కా. నిన్ను తప్ప అడిగెతందుకు ఇంకెవరు లేరు" అన్నాను.

ఆమె తల పైకెత్తి చూసింది. "ఆడ నిలబడ్డది వాడేనా? రమ్మను."

మధుకర్ వచ్చి ఎదుట నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కట్టుకున్నాడు.

"సర్కారే పండుకున్నది. రైళ్లు లెవ్వు, బస్సులు లెవ్వు. ఎటన్న పారిపోతె అడిగేటోడు లేడు. ఎందుకు పోతున్నవ్?" అంది తుల్సీబాయి.

"వస్త అని చెప్పొచ్చిన."

"గంతేనా?"

"గంతే."

"మీ అమ్మ నువ్వు భూపాలపల్లిల ఉన్నవని చెప్పుకుంటదంట గద జనగామల?"

మా వాడకట్టు ముచ్చట తండా దాకా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. మధుకర్ తల వంచాడు.

"భూపాలపల్లికి నేను పోయిన. మోతీ పోయినంక ఆడ ఇండ్లు కడ్తుంటే సిమెంటు మోసిన. నువ్వైతె నాకేడ కండ్లవడలే."

ఇంకో రోజైతే నవ్వేదాన్ని. మేం అబద్ధానికి వాడుకున్న ఊరికి ఆమె నిజంగా కూలికి పోయింది. నవ్వు నోటిదాకా రాలేదు.

"కోర్టుల మీ నాయిన ఏం జెప్పిండు? మోతీ తాగిండు, తూలి రాడ్డు మీద పడ్డడన్నడు. నా మొగడు పండుగనాడు గూడ ముట్టకపోయేది. ఊర్లె ఇప్పటికి గదే అంటరు, పాపం తాగి పడ్డడని. నువ్వేమంటవ్?"

"తాగింది నేను. కొట్టింది నేను. మోతీ తప్పు ఏం లేదు" అన్నాడు మధుకర్.

అంత తిన్నగా ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటా నేను వినలేదు. తుల్సీబాయి ఒళ్లో పడ్డ పొట్టు దులుపుకుని లేచింది.

"నా ఒక్కదానికి జెప్తె ఏమొస్తది? ఈడికెల్లి వరంగల్ దాక బాట పొడుగున జనమే ఉన్నరు. ఏడ జనముంటె ఆడ దిగాలె. ఇప్పుడు నాతోని అన్నది గట్టిగ అనాలె. అంట అంటె ఎక్కు. నేను గూడ వస్త, నా చెవుల్తోని వినాలె."

"అంట" అన్నాడు మధుకర్.

"కొడ్తరే వీన్ని" అన్నాడు రాంచందర్.

"కొట్టనియ్."

"వీన్ని కొట్టుకుంట నా ఆటో అద్దం పలగ్గొడ్తరు గదనే!"

ఆమె తమ భాషలో ఏదో రెండు ముక్కలంది. నాకు అర్థం కాలేదు గానీ, రాంచందర్ నోరు మూసుకుని డీజిల్ డబ్బా తెచ్చాడు.

మొదటి ఆటంకం మా ఊరి రోడ్డే. అడ్డంగా ఎడ్ల బండ్లు, నడుమ టెంటు, పొయ్యిల మీద గంగాళాలు. వంటావార్పు జోరుగా ఉంది. అత్తమ్మ ఒక పొయ్యి దగ్గర గంటె పట్టుకుని కూర్చుంది. మా ఆయన మైకులో, "ఈ బాటల ఇయ్యాల చీమను గూడ పోనియ్యం!" అంటున్నారు. ఆటో ఆగింది. ఎవరా అని వంగి చూసి, "శారదా, నువ్వేంది అండ్ల?" అన్నారు, మైకు తీయకుండానే.

"చీమను" అన్నాను.

ఇంతలో జనగామ స్నేహితులకు మధుకర్ కనిపించాడు. వాళ్లకు తెలిసింది అత్తమ్మ చెప్పిన కథే. "ఉద్యమ ఖైదీ మధుకర్‌కు జిందాబాద్!" అంటూ టెంట్‌లో ఉన్న బంతిపూల దండ తెచ్చి వేసేశారు. ఊరివాళ్లు మూతులు దాచుకుని నవ్వుతున్నారు. తుల్సీబాయి ఆటోలోంచి కదల్లేదు. చూస్తోంది.

మధుకర్ దిగి, దండ తీసి బండి చక్రానికి తగిలించాడు.

"అన్నలారా, నేను తెలంగాణ కోసం పోతలేను. ఐదేండ్ల కింద తాగి, మార్కెట్ల మోతీని రాడ్డుతోని కొట్టి సంపిన. మోతీ తాగలే. తూలి పడలే. మా నాయిన కోర్టుల చెప్పింది అబద్ధం. ఆరింటిలోపల నేను జైలుకాడ ఉండాలె. జర దారియ్యుండ్రి."

మా ఆయన చేతిలో మైకు అలాగే ఉంది కాబట్టి ఆ మాటలు ఊరంతా విన్నది. గంగాళంలో ఎసరు పొంగి పొయ్యిలో పడుతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

అత్తమ్మ గంటె పారేసింది. "పరువు తీస్తివి గదరా కొడుకా!"

"నీది పోయిందో లేదో నాకెర్కలేదవ్వా. నా మొగనిది ఇయ్యాల వచ్చింది" అంది తుల్సీబాయి ఆటోలోంచే.

మా ఆయన తమ్ముడి వైపు చూశారు, స్నేహితుల వైపు చూశారు, చివరికి నా వైపు చూశారు. నేను ఏ సాయమూ చేయలేదు. "బండ్లు జరుపుండ్రి" అన్నారు మైకులో. నాకు తెలిసి ఆయన జీవితంలో ఇచ్చిన అతి చిన్న ఉపన్యాసం అదే. అన్నిటికన్నా బాగున్నదీ అదే.

నెక్కొండ దగ్గర పని అంత తేలిగ్గా కాలేదు. రోడ్డు మీద కొట్టేసిన తుమ్మ మొద్దులు, వాటి మీద కుర్రాళ్లు. మధుకర్ దిగి చెప్పాడు. సగంలోనే ఒకడు లేచాడు. "మనిషిని సంపినోనికి దారా? పొద్దుమీకేదాక ఈడనే కూసో, మాకేంది!" ఇంకొకడు కాలర్ పట్టుకున్నాడు. మూడోవాడి చేతిలో కట్టె ఉంది. మధుకర్ చేతులు కిందికే ఉంచి, మిగతా సగం కూడా చెప్పేశాడు. మోతీ తాగలేదన్న మాట దగ్గర గొంతు ఇంకా పెంచాడు.

తుల్సీబాయి దిగి కట్టెవాడి ముందుకు వెళ్లింది.

"మోతీ నీకేమైతడు?"

"ఏం గాడు" అన్నాడు వాడు.

"నాకు మొగడైతడు. వీన్ని కొట్టేదుంటె నేను కొట్టాలె. ఐదేండ్లసంది నేనే కొట్టలే, నడిమిట్ల నీకేం తొందర?"

కట్టె దిగింది.

"ఇంగ ఇనుండ్రి. మీరు వీన్ని ఆపితే వీడు బయటున్నట్టా, లోపలున్నట్టా?"

"బయటున్నట్టే."

"నా మొగన్ని సంపినోన్ని బయటుంచుతరా? లోపలికి తీస్కపోతున్న, తియ్యుండ్రి మొద్దులు!"

కాలర్ పట్టుకున్న కుర్రాడే ముందుగా మొద్దుకు భుజం పెట్టాడు. మధుకర్ కూడా వంగి రెండో వైపు పట్టాడు. ఇద్దరూ కలిసి పక్కకు దొర్లించారు. "ఎన్నింటికి ఉండాల్నన్నా?" అని అడిగాడు ఆ కుర్రాడు. ఆరింటికని చెబితే నోరు తెరిచాడు. "అరె, ముందట ఇంకా నాలుగు జాగలు బంద్ ఉన్నయి! ఉండు, మావోళ్లకు ఫోన్ కొడ్త."

ఆ ఫోన్ మాకంటే ముందు పరిగెత్తింది. తర్వాతి టెంటుకు మేం చేరేసరికి బల్లలు పక్కకు జరిపేసి ఉన్నాయి. జనం రోడ్డుకు రెండు పక్కలా నిలబడి, "పో, పో, దారి సాపు!" అని చేతులూపుతున్నారు. ఒకామె ఆటోలోకి మంచినీళ్ల సీసా విసిరింది. రాంచందర్‌కు హుషారొచ్చి, జన్మలో మొదటిసారి హారన్ నొక్కినవాడిలా నొక్కడం మొదలుపెట్టాడు.

"ఆపన్నా" అన్నాడు మధుకర్.

"ఏమైంది?"

"దిగాలె."

"పిచ్చివట్టిందా? బాట ఇడిసిండ్రు! నిన్నెవడన్న అడిగిండా? టైమేడుంది?"

"జనమున్నకాడల్ల దిగుత అన్న."

రాంచందర్ చెల్లెలి వైపు చూశాడు. ఆమె వినడానికి ముందుకు వంగింది. అప్పటికే ఎండ పల్చబడింది. ఆటో ఆగింది. మధుకర్ దిగి మొదలుపెట్టగానే ఒక ముసలాయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"తెల్సిందయ్యా, ఫోన్ల జెప్పిండ్రు! పో నాయినా, ఆలిశమైతది!"

"మోతీ తాగలేదని గూడ జెప్పిండ్రా?"

"జెప్పిండ్రు! తాగలే! నువ్వు తాగినవ్! ఎక్కరా అయ్యా ఎక్కు!"

అందరూ గొల్లుమన్నారు. మధుకర్ కూడా అనుకోకుండా నవ్వాడు. ఆటోలో కూర్చున్నాక ఆ నవ్వుకు సిగ్గుపడి తల పక్కకు తిప్పుకున్నాడు. తుల్సీబాయి అతన్ని అదే పనిగా చూసింది. ఐదేళ్లుగా తెలిసిన ముఖాన్ని కొత్తగా చూస్తున్నట్టు. తర్వాత సీసా మూత తీసి, తాను తాగి, అతని వైపు చాపింది.

ఆ తర్వాత మూడుచోట్లా దిగాడు, మూడుచోట్లా చెప్పాడు. చివరిచోట చెప్పేలోపే డప్పులవాళ్లు మా ఆటో ముందు పరిగెత్తుతూ దారి చేశారు. ఇంజను వేడెక్కి పొగలొస్తున్నా రాంచందర్ తిట్టడం మానేశాడు. "నా ఆటోకు డప్పులు గొడ్తున్నరే" అన్నాడు వెనక్కి తిరిగి. ముందుకు చూడు అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

జైలు గేటు కనిపించేసరికి ఇంకా ఆరు కాలేదు. కాపలా జవాను మమ్మల్ని చూసి నోరెళ్లబెట్టాడు. "రాష్ట్రమంత బందుంటే నువ్వెట్లొచ్చినవ్ మధుకర్? ఇయ్యాల రావాల్సినోళ్లల్ల నువ్వే ఫస్టు!"

మధుకర్ తుల్సీబాయి వైపు తిరిగాడు. చేతులు జోడించబోయాడు.

"దండాలు వద్దు. పో, టైమైతుంది" అంది ఆమె.

పెద్ద గేటులోని చిన్న తలుపు తెరుచుకుంది. అతను తల వంచి లోపలికి అడుగుపెట్టాడు. తలుపు మూసుకునేదాకా ఆమె కళ్లార్పలేదు.

తిరుగు దారిలో దీపాలు వెలుగుతున్నాయి. మొదటి టెంట్ దగ్గర డప్పులవాళ్లు ఆటోకు ఎదురొచ్చారు. "అందిండా?"

"అందిండు!" అన్నాడు రాంచందర్.

ఒక్కసారి డప్పులు మోగాయి. అక్కడి నుంచి ప్రతి టెంట్‌లో అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఈల. ముసలాయన తలపాగా తీసి గాల్లోకి ఎగరేశాడు. నెక్కొండ కుర్రాళ్లయితే తుమ్మ మొద్దుల మీద నిలబడి ఎగిరారు. కట్టె పట్టుకున్నవాడు అందరికన్నా ఎక్కువ. ఇంతమంది కలిసి ఒక మనిషి జైలుకు చేరినందుకు సంబరపడటం నేను అంతకుముందు చూడలేదు. రైళ్లు ఆపినవాళ్లు, బస్సులు ఆపినవాళ్లు, అందరూ కలిసి ఆ రోజు ఒకే ఒక్క ప్రయాణం సాగనిచ్చారు. అది తమ సొంత ప్రయాణమైనట్టే ఉన్నారు.

మా ఊరి రోడ్డు మీద జనం ఇంకా కదల్లేదు. తండా ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చున్నారు. అత్తమ్మ టెంట్ గుంజకు ఆనుకుని, మా వైపే చూస్తోంది.

"అందిండా?" అన్నారు మా ఆయన.

నేను తుల్సీబాయి వైపు చూపించాను. ఆయన ఒక్క క్షణం తటపటాయించి మైకు ఆమె చేతికిచ్చారు. పెళ్లయిన నాటి నుంచి నేను అడిగినా ఇవ్వని వస్తువు అది.

ఆమె దాన్ని కంకి పట్టుకున్నట్టు పట్టుకుంది.

"అందిండు. ఆరు గాకముందే. లోపలికి పోయేది నా కండ్లతోని సూసిన" అంది. జనం అరిచారు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "వీన్ని ఇడువాల్నా వద్దా అని సర్కారోళ్లు నన్ను అడగనీకె వస్తరంట. ఏం జెప్పాల్నో ఇంకా సోంచాయించలే. నా మొగడు తిరిగి రాడు. గని, చెప్పిన మాట మీద నిలబడ్డడా అంటే, నిలబడ్డడు అని జెప్త. మోతీ తాగలేదని ఇన్ని ఊర్లల్ల వాడే జెప్పిండు అని జెప్త. అది గూడ రాసుకోమంట."

తర్వాత మైకులోనే తమ భాషలో ఏదో అంది. మాకు అర్థమైన ముక్క మోతీ పేరొక్కటే. తండా ఆడవాళ్లంతా ఒక్కసారి లేచి ఈలలు వేసి, చేతులు కలిపి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు. డప్పు వాళ్ల అడుగును అందుకుంది. తుల్సీబాయి మైకు ఎవరికీ తిరిగివ్వకుండా, దాంతోనే వాళ్ల నడుమకు నడిచింది.